రైటింగ్‌లో రెండుసార్లూ 5.5 దగ్గరే ఆగిపోయారా? ముందు ఆ బట్టీ పక్కన పెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విదేశీ చదువులకు అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రెండుసార్లు రాశారు. రెండోసారి లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 వచ్చాయి. మొత్తం 6.5 వచ్చినా, మీరు చేరాలనుకున్న కోర్సుకు ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు. మొదటిసారి కూడా రైటింగ్‌లో 5.5నే. ఇంకో వెయ్యి పెద్ద పదాలు బట్టీ పడితే గట్టెక్కుతానా అని అడుగుతున్నారు.

గట్టెక్కరు. చాలా ఏళ్లుగా ఇలాంటి పరీక్షలకు తయారయ్యేవాళ్ల వ్యాసాలు దిద్దుతున్నాను కాబట్టి ఇంత మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఒకే మనిషి రాసిన పది వ్యాసాలు వరసగా దిద్దితే ఎర్ర గీతలు రెండు వందల దాకా పడొచ్చు. కానీ వాటిని రకాలుగా విడదీసి చూస్తే ఆరో ఏడో తేలతాయి. అవే తప్పులు, వేర్వేరు వాక్యాల్లో. కొత్త పదాలు నేర్చుకుంటే ఈ ఆరేడు తప్పులూ ఎక్కడికీ పోవు, కొత్త పదాల మధ్య కూర్చుంటాయి అంతే.

ముందు లెక్క చూద్దాం. మీ నాలుగు స్కోర్లు కలిపితే 25, సగటు 6.25. ఈ పరీక్షలో స్కోరును బ్యాండ్ అంటారు, సగటు చివర .25 వస్తే పై అర బ్యాండ్‌కి, .75 వస్తే పై పూర్తి బ్యాండ్‌కి పెంచుతారు కాబట్టి మీకు 6.5 ఇచ్చారు. అంటే మొత్తం స్కోరు గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. కావాల్సిందల్లా రైటింగ్‌లో ఒక్క అర బ్యాండ్. రైటింగ్‌ను నాలుగు కొలతలతో దిద్దుతారు: అడిగినదానికి సమాధానం చెప్పారా, ఆలోచన ఒక వరసలో నడిచిందా, పదాలు ఎలా వాడారు, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమాన బరువు. పదాలది పావు వంతు మాత్రమే. ఆ పావు వంతులో కూడా పెద్ద పదం పెట్టినంత మాత్రాన మార్కులు రావు, పదాల్లో వైవిధ్యంతోపాటు పదం తన చోట సరిగ్గా కుదిరిందా అన్నది చూస్తారు. పైగా రైటింగ్‌లో రెండు టాస్క్‌లుంటాయి: మొదటిది గ్రాఫ్ లాంటిదాన్ని వివరించడం, రెండోది వ్యాసం. రెండో టాస్క్‌కి మొదటిదానికంటే రెట్టింపు విలువ. చాలామంది మొదటి టాస్క్‌లో గ్రాఫ్ మీద అరగంట కూర్చుని, రెండోదాన్ని పరిగెత్తిస్తారు. 20 నిమిషాలు, 40 నిమిషాలు అన్న విభజన ఊరికే చెప్పలేదు.

ఇక మీరు పంపిన పేరా. బడుల్లో విద్యార్థులు మొబైల్ ఫోన్లు వాడకుండా నిషేధించాలని కొందరంటారు, మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు అన్నది టాపిక్. మీ ఆరంభం ఇదీ:

"నౌ ఎ డేస్ మొబైల్ ఫోన్స్ ఆర్ ప్లేయింగ్ ఎ వైటల్ రోల్ ఇన్ అవర్ లైఫ్. దో ఇట్ ఈజ్ హావింగ్ మెనీ అడ్వాంటేజెస్, బట్ ఇట్ ఈజ్ స్పాయిలింగ్ ద స్టూడెంట్స్. వన్ ఆఫ్ మై ఫ్రెండ్ వాజ్ ఫెయిల్డ్ ఇన్ ఎగ్జామ్ బికాజ్ ఆఫ్ మొబైల్. సో గవర్నమెంట్ షుడ్ టేక్ స్ట్రిక్ట్ యాక్షన్స్."

ఇందులో మీరు చాలాసేపు తలబద్దలు కొట్టుకుని పెట్టిన మాట 'వైటల్ రోల్' అని నాకు తెలుసు. ఎందుకంటే నేను దిద్దే వ్యాసాల్లో సగం అలాగే మొదలవుతాయి. దిద్దే ఎగ్జామినర్‌కి కూడా అది కొత్త కాదు.

ఇప్పుడు తప్పులు. ప్రతిదాని వెనకా తెలుగు కూర్చుని ఉంది, అందుకే అవి మీ కంటికి తప్పుల్లా కనిపించవు. మనం "ఈ రోజుల్లో అందరూ ఫోన్లు వాడుతున్నారు" అంటాం. అలవాటుగా జరిగేదానికి కూడా మనకు 'తున్నారు' సరిపోతుంది. ఇంగ్లీషులో అలవాటుకీ సాధారణ సత్యానికీ 'యూజ్' చాలు, 'ఆర్ యూజింగ్' ఈ క్షణంలో లేదా కొద్దికాలంగా నడుస్తున్నదానికి. 'హావింగ్' కథ కూడా అదే. ఉండటం, తెలియడం, ఇష్టపడటం లాంటి స్థితిని చెప్పే క్రియలకు మామూలుగా 'ఇంగ్' తగిలించరు.

'వాజ్ ఫెయిల్డ్' నాకు భలే ఇష్టమైన తప్పు. మనం "ఫెయిలయ్యాడు" అంటాం. ఆ 'అయ్యాడు' చోట ఏదో ఒకటి పెట్టాలి కదా అని మనసు 'వాజ్' తెచ్చి పెడుతుంది. ఇంగ్లీషులో 'ఫెయిల్డ్' ఒక్కటే మొత్తం పని చేసేస్తుంది. 'వాజ్ హ్యాపెండ్' కూడా ఇదే గూటి పక్షి.

'దో' పెట్టాక 'బట్' రాదు. రెండింటిలో ఒకటే. 'వన్ ఆఫ్ మై' తర్వాత బహువచనం రావాలి: 'ఫ్రెండ్స్'. చాలామందిలో ఒకరు అంటున్నాం కదా. ఫోన్స్ అని మొదలుపెట్టి 'ఇట్' అన్నారు, 'దే' అనాలి. 'నౌ ఎ డేస్' మూడు ముక్కలు కాదు, ఒకే పదం. 'టేక్ యాక్షన్' అనే వాడుకలో 'యాక్షన్' ఏకవచనమే. 'గవర్నమెంట్' ముందు 'ద' లేదు, 'ఎగ్జామ్' ముందు ఏమీ లేదు. ఆర్టికల్స్ మన భాషలో లేవు కాబట్టి అవి ఎప్పటికీ మనకు కాస్త సవతి బిడ్డలే. పూర్తిగా రావాలని పట్టుపట్టకండి. లెక్కపెట్టగలిగే వస్తువు ఏకవచనంలో ఉంటే దాని ముందు 'ఎ', 'యాన్', 'ద', 'మై' లాంటిది ఏదో ఒకటి ఉండాలి అన్న ఒక్క సూత్రం పట్టుకుంటే సగం ఆర్టికల్ తప్పులు రాలిపోతాయి.

నాలుగు వాక్యాలు, దాదాపు పది తప్పులు. అయినా ఈ పేరాలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వ్యాకరణం కాదు. టాపిక్‌లో రెండు ముఖ్యమైన మాటలున్నాయి: బడి, నిషేధం. మీ పేరాలో ఆ రెండూ లేవు. మీరు 'మొబైల్ వల్ల లాభాలు, నష్టాలు' అనే మీకు తెలిసిన వ్యాసాన్ని రాయడం మొదలుపెట్టారు. బట్టీ పట్టిన ఆరంభాలు చేసే అసలు నష్టం ఇదే. అవి ప్రశ్నను చదవనివ్వవు. అదీకాక బట్టీ పట్టిన సమాధానాలను గుర్తుపట్టడం ఎగ్జామినర్ల శిక్షణలో భాగం, వాటికి మార్కులు తగ్గుతాయి.

అదే ఆరంభాన్ని ఇలా రాస్తే ఎలా ఉందో చూడండి: "ఐ అగ్రీ దట్ ఫోన్స్ షుడ్ బి బ్యాన్డ్ డ్యూరింగ్ లెసన్స్, బట్ ఐ సీ నో రీజన్ టు కీప్ దెమ్ అవుట్ ఆఫ్ ద స్కూల్ ఆల్టుగెదర్." ఒక్క పెద్ద పదం కూడా లేదు. కానీ ఎంతవరకు ఏకీభవిస్తారో మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. ఇక రెండు పేరాల్లో ఏం రాయాలో కూడా దానంతటదే తేలిపోయింది: పాఠం జరిగేటప్పుడు ఎందుకు వద్దు, మిగతా సమయంలో ఎందుకు ఫరవాలేదు.

ప్రశ్న రూపం మారితే సమాధానం రూపం మారాలి. 'డిస్కస్ బోత్ వ్యూస్' అంటే రెండు అభిప్రాయాలూ, వాటితోపాటు మీదీ. లాభాలు నష్టాలను మించుతాయా అంటే రెండింటినీ వరసగా రాసేసి లేచిపోకూడదు, ఏది బరువో తేల్చాలి. కారణాలు, పరిష్కారాలు అడిగితే పరిష్కారాలకు ఒక్క వాక్యం మిగిల్చుకోవడం అందరూ చేసే పనే. రాయడం మొదలుపెట్టేముందు ఐదు నిమిషాలు ఖర్చుపెట్టి, ప్రశ్నలో ఎన్ని పనులు అడిగారో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ ఐదు నిమిషాలు వృథా అనిపిస్తుంది, కాదు.

మొదటి టాస్క్ గురించి ఒక్కటే చెప్తాను, ఎందుకంటే 5 దగ్గర ఆగిపోవడానికీ 6 రావడానికీ మధ్య గోడ తరచుగా ఇదే: ఓవర్‌వ్యూ. గ్రాఫ్‌లోని అంకెలన్నీ ఎడమ నుంచి కుడికి చదివి రాసేస్తే అది ఓవర్‌వ్యూ కాదు. అంకెలేవీ లేకుండా, మొత్తం మీద ఏం పెరిగింది, ఏం తగ్గింది, ఏది అన్నింటికంటే ఎక్కువ అన్నది రెండు వాక్యాల్లో చెప్పాలి. అలాగే గ్రాఫ్ ఎందుకు పడిపోయిందో మీరు ఊహించి రాయకండి, అడగలేదు. మొదటి టాస్క్‌కి కనీసం 150 పదాలు, రెండోదానికి 250. తగ్గితే నష్టం. ప్రశ్నలోని వాక్యాన్ని యథాతథంగా దించితే ఆ పదాలు లెక్కలోకి రావు. కంప్యూటర్ మీద రాస్తే పదాల సంఖ్య కింద కనిపిస్తూనే ఉంటుంది కానీ స్పెల్లింగ్ తప్పులను ఎర్ర గీత గీసి చూపించే సదుపాయం ఉండదు. రోజూ ఫోన్ దిద్దిపెట్టే స్పెల్లింగ్‌కి అలవాటుపడినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

తెలుగు నుంచి వచ్చే తప్పులు ఇంకొన్ని, మీ వ్యాసంలో మిగతా చోట్ల కనిపించినవి. మనం 'గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్' తర్వాత 'అబౌట్' వస్తుంది, తీసేయాలి. 'అతనితో పెళ్లయింది' నుంచి 'మ్యారీడ్ విత్' వస్తుంది, అది 'టు'. 'రిటర్న్ బ్యాక్'లో 'బ్యాక్' దండగ. 'కోప్ అప్ విత్'లో 'అప్' దండగ. ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్, అడ్వైస్, హోమ్‌వర్క్ చివర 'ఎస్' పెట్టకండి. 'ఐ డోంట్ నో వాట్ ఈజ్ ద రీజన్' కాదు, 'వాట్ ద రీజన్ ఈజ్'. ప్రశ్న ఇంకో వాక్యం లోపలికి వెళ్తే దాని వరస మారిపోతుంది. స్పీకింగ్‌లో ప్రతి వాక్యం చివరా 'ఈజింట్ ఇట్' అంటున్నారంటే అది మన 'కదా' మాత్రమే.

రీడింగ్‌లో మీకు 6.5 వచ్చింది, అది మీ కోర్సుకు చాలు. కానీ ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో సగం పోతున్నాయన్నారు కాబట్టి ఒక ఉదాహరణ. పాసేజీలో ఇలా ఉందనుకోండి: ఈఫిల్ టవర్ 1889లో పూర్తయింది. దాన్ని 20 ఏళ్లు మాత్రమే ఉంచడానికి అనుమతి ఉంది. కానీ రేడియో ప్రసారాలకు పనికొస్తుందని తేలడంతో కూల్చకుండా ఉంచేశారు. ఇప్పుడు మూడు వాక్యాలు. 'టవర్‌ను మొదటి నుంచీ శాశ్వతంగా ఉంచాలనే అనుమతిచ్చారు' అన్నది ఫాల్స్, పాసేజీ దానికి ఎదురు చెప్తోంది. 'రేడియో వల్ల టవర్ నిలబడింది' ట్రూ. 'నగరవాసుల్లో ఎక్కువమంది టవర్‌ను కూల్చాలని కోరారు' అన్నది నాట్ గివెన్. నిజంగా కోరారా లేదా అన్నది మీకు ఎక్కడో చదివి తెలిసి ఉండొచ్చు. ఇక్కడ ఆ జ్ఞానం శత్రువు. పాసేజీ ఆ మాట ఎత్తిందా లేదా, అంతే. ఫాల్స్ అని పెట్టేముందు, దీన్ని కాదంటున్న వాక్యం ఏదో దాని మీద వేలు పెట్టగలనా అని అడగండి. వేలు పెట్టలేకపోతే నాట్ గివెన్.

60 నిమిషాల్లో 40 ప్రశ్నలు. పేపర్ మీద రాసేవాళ్లకు లిజనింగ్‌లో సమాధానాలు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు ఇస్తారు, రీడింగ్‌లో ఇవ్వరు. ఆ పది నిమిషాలు ఇక్కడా ఉంటాయనుకుని చివరి పాసేజీ సమాధానాలు షీట్ మీదకి ఎక్కించకుండానే వదిలేసినవాళ్లను చూశాను. తప్పు సమాధానానికి మార్కులు కోయరు, ఖాళీ వదలడం ఎప్పుడూ నష్టమే.

లిజనింగ్‌లో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. నేను మొదటిసారి రాసినప్పుడు రెండు పదాలకు మించకూడదు అని పైన రాసి ఉంది. నేను 'ద మెయిన్ హాల్' అని రాశాను. విన్నది సరిగ్గానే విన్నాను, స్పెల్లింగ్ సరే, 'ద' వల్ల మూడు పదాలయ్యాయి, సున్నా. ఆర్టికల్స్ అవసరమైన చోట ఎగ్గొట్టి, అక్కర్లేని చోట ఒకటి పెట్టానన్నమాట. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తుంది కాబట్టి ఇంకో చిక్కు: మాట్లాడేవాళ్లు మాట మార్చుకుంటారు. మంగళవారం అనుకున్నాం, కాదు, గురువారానికి మార్చారు అంటారు. మంగళవారం వినగానే రాసేసి తర్వాతి ప్రశ్నలోకి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' తేడా ఒత్తులో ఉంది: మొదటిదానిలో చివరి భాగం మీద, రెండోదానిలో మొదటి భాగం మీద.

స్పీకింగ్‌లో 6 వచ్చింది, చాలు. అయినా పట్టు జారకుండా ఉండటానికి రెండు మాటలు. యాస పెట్టడానికి ప్రయత్నించకండి. రాని యాస పెడితే మీరు చెప్పేది ఎదుటివాళ్లకు అర్థం కాదు, ఉచ్చారణలో చూసేది ముందు అదే. దానికంటే మన నోటి అలవాట్లు పట్టుకోవడం లాభం. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ మన నోట్లో బస్సు అవుతుంది, బుక్ బుక్కు అవుతుంది. పదం మొదట్లో 'ఎ' ఉంటే యకారం, 'ఓ' ఉంటే వకారం వచ్చి చేరతాయి: 'యెవ్రీ', 'వోన్లీ'. 'జూ', 'ఈజీ', 'లేజీ' అనేటప్పుడు ఇంగ్లీషులో వచ్చే ఆ శబ్దానికి మన లిపిలో సరైన అక్షరమే లేదు, ఇక్కడ కూడా నాకు 'జ' తప్ప గతి లేదు. తేనెటీగ రొద ఊహించుకుని అనండి. మాట్లాడాల్సిన అంశం రాసి ఉన్న క్యూ కార్డు ఇచ్చాక ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఉంటుంది, అందులో వాక్యాలు రాయకండి, నాలుగు మాటలు గీసుకోండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగడం తప్పు కాదు. వేగంగా మాట్లాడితే ఫ్లూయెన్సీ అనుకోవడం తప్పు.

ఇలాంటిదే ఇంకో ఇంగ్లీషు పరీక్ష పీటీఈకి మారితే సులువా అని కూడా అడిగారు. సులువు కాదు, తప్పుల రకం మారుతుంది. అక్కడ వినేది ఎక్కువగా యంత్రం. మాట్లాడేటప్పుడు మూడు సెకన్లు ఆగిపోతే మైక్ మూసుకుపోతుంది. పాసేజీని కుదించి రాయమన్న ప్రశ్నలో సమాధానం ఒకే వాక్యంగా ఉండాలి, రెండో ఫుల్‌స్టాప్ పెడితే పని చెడుతుంది. ఒకటికంటే ఎక్కువ సరైన సమాధానాలు ఎంచుకునే ప్రశ్నల్లో తప్పుదానికి మార్కు కోస్తారు, కాబట్టి ఖాళీ వదలొద్దన్న పై సలహా అక్కడ గుడ్డిగా వాడకండి. మీ సమస్య రైటింగ్ వ్యాకరణం అయినప్పుడు పరీక్ష మార్చితే అది కూడా మీతోపాటే వస్తుంది.

ఇక చేయాల్సింది. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఇప్పటిదాకా దిద్దించుకున్న వ్యాసాలన్నీ ముందు పెట్టుకుని, తప్పులను రకాలుగా రాయండి. పక్కన ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టండి. మీ వరకు నేను చూసిన దాన్ని బట్టి మొదటి మూడు స్థానాలు ఇవి: 'ఇంగ్' రూపం, ఆర్టికల్, బహువచనం 'ఎస్'. కొత్త వ్యాసం రాశాక వెంటనే దిద్దకండి. రెండు రోజులు ఆగి, గట్టిగా చదువుతూ దిద్దండి. ఒక్కోసారి ఒక్క రకం తప్పు మాత్రమే వెతకాలి. మొదటిసారి క్రియలు, ఇంకేమీ చూడొద్దు. రెండోసారి నామవాచకాల ముందు ఏముందో. మూడోసారి చివర 'ఎస్'. అన్నీ ఒకేసారి వెతికితే కన్ను ఏదీ పట్టుకోదు, మన వాక్యం మనకు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. ఇలా ఓ పన్నెండు వ్యాసాలయ్యాక ఈ మూడు వడపోతలూ నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. పరీక్షలో ఆ నాలుగు నిమిషాలు చివర్లో మిగుల్చుకోవాలి. అదనంగా ఇంకో ఉదాహరణ రాయడం కంటే ఆ నాలుగు నిమిషాలే మీకు ఎక్కువ తెచ్చిపెడతాయి.

రీవాల్యుయేషన్ పెట్టనా అన్నారు. పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోపు పెట్టుకోవచ్చు, స్కోరు పెరిగితే ఫీజు వెనక్కిస్తారు. ఒక్కసారే, అనుకోకుండా తక్కువ వస్తే నేనూ పెట్టమనేవాణ్ని. మీకు రెండుసార్లూ అదే 5.5 వచ్చింది, పేరా కూడా చూశాను, కాబట్టి వద్దు. దానికంటే, మీరు రాసింది కంప్యూటర్ మీద అయితే వన్ స్కిల్ రీటేక్ అని ఒక విభాగాన్ని మాత్రమే మళ్లీ రాసే వీలుంది. అసలు పరీక్ష జరిగిన 60 రోజుల్లోపు రాయాలి, అన్ని కేంద్రాల్లోనూ ఉండదు, అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. ముందు మీ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగండి. ఒప్పుకుంటే మిగతా మూడు స్కోర్లూ అలాగే ఉంచుకుని, మిగిలిన రోజులన్నీ రైటింగ్‌కే ఇవ్వొచ్చు.